వెనక కుట్టని అంగీ

మా అత్తయ్య దర్జీ. బతికున్నవాళ్లకి జాకెట్లూ గౌన్లూ కుట్టేది. మా చర్చిగుడికి వచ్చేవాళ్లలో ఎవరైనా పోతే, శవపెట్టెలో పడుకోబెట్టేముందు తొడిగే తెల్ల అంగీ కూడా ఆవిడే కుట్టేది. ఆ అంగీకి వీపు కలపరు. బిగుసుకుపోయిన చేతులకి ముందునుంచి తొడిగి, అంచులు వీపు కిందికి దోపేస్తారు. ఈ సంగతి నా పెళ్లైన వారానికే తెలిసింది, అదీ భోజనం చేస్తుండగా.

"తినేటప్పుడు ఇవేం కబుర్లండీ!" అని కసిరాను. నేనసలే నోరున్నదాన్ని. ఆవిడ నవ్వి కూరగిన్నె నా వైపు జరిపింది.

కుట్టుమిషను ముందుగదిలో కిటికీ దగ్గర ఉండేది. ఓ రోజు గుడిలో మధ్యాహ్నపు గంట మోగి ఆగింది. వెంటనే మిషను చప్పుడూ టక్కున ఆగిపోయింది.

"ఆ, వస్తున్నా" అంది అత్తయ్య.

వంటింట్లోంచి తొంగిచూశాను. "నేను పిలవలేదండీ."

"నిన్ను కాదులే."

లేచి బీరువాలోంచి తెల్లగుడ్డ తీసి, టేపు ముట్టుకోకుండానే కత్తిరించింది. వెడల్పాటి భుజాలు. ఒక చెయ్యి రెండోదానికన్నా బాగా పొట్టి. ఇదేం కుట్టురా దేవుడా అనుకున్నాను. సాయంత్రానికి పక్కవీధి వడ్రంగి భార్య, ఆయన పోయాడని ఏడుస్తూ వచ్చింది. ఎప్పుడో రంపం కింద పడి ఆయన కుడిచెయ్యి సగానికి పోయిందని నాకు అప్పుడే తెలిసింది.

"మీకెలా తెలిసిందండీ?"

"నాకేం తెలీదమ్మాయ్. కత్తెర పట్టుకోమంటాడు, పట్టుకుంటాను. ఎవరికో చెప్పడు, నేనడగను."

"అడగొచ్చుగా!"

"అడిగితే చెయ్యి వణుకుతుంది."

ఫాదర్ గారు కూడా ఓసారి కలవరపడి, అది దేవుని పిలుపేనని నమ్మకమేనా అని అడిగారు. "ఆయన పిలిస్తే నాకు భయం వేయదు ఫాదర్ గారూ, అదే గుర్తు. మీ కొలత ఇంకా రాలేదు లెండి, హాయిగా భోంచేయండి" అందట. ఆ పూట ఆయనకి ముద్ద దిగలేదు.

నాకు నెలలు నిండుతున్నాయి. కాళ్లు చాపుకొని అదే గదిలో కూర్చున్నాను. గంట మోగింది. మిషను ఆగింది.

"ఆ, వస్తున్నా."

ఆవిడ కత్తిరించిన గుడ్డ మూరెడు కూడా లేదు. దాని చేతుల్లో నా రెండువేళ్లు కూడా పట్టవు.

"ఎవరిదది?" అన్నాను.

"తెలీదమ్మాయ్." ఆవిడ ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"నా కడుపున చిచ్చు పెట్టకండి! కుట్టనని చెప్పండి ఆ పిలిచినాయనకి!" కత్తెర లాక్కుని బీరువా వెనక్కి విసిరేశాను.

"ఇన్నేళ్లూ అందరి బిడ్డలకీ సరేనన్నాను. నా గడప దాకా వచ్చాక కాదనమంటావా?"

"అనండి!"

చాలాసేపు కళ్లు మూసుకుని కూర్చుంది. పెదాలు కదులుతున్నాయి. తర్వాత శిలువ గుర్తు వేసుకుని లేచి, ఇంకో కత్తెర తెచ్చుకుంది. మా ఆయనతో మొత్తుకుంటే, "అమ్మ అంతే" అని పేపర్లో మొహం దూర్చేశాడు. ఆ తల్లీకొడుకులిద్దరితోనూ మాట్లాడటం మానేశాను.

ఆవిడ పూజకి వెళ్లినప్పుడు సొరుగు తెరిచాను. చేతులు కుట్టింది. మెడ కుట్టింది. గుండెల మీద చిన్న శిలువ కూడా కుట్టింది. వీపు కలపలేదు. అలాగని పోయినవాళ్ల అంగీకి మల్లే అంచులు మడిచి కుట్టనూ లేదు. పచ్చి అంచులు దారాలు ఊడుతూ ఉన్నాయి.

ఆవిడ ఇంట్లో అడుగుపెట్టగానే నా మౌనం కాస్తా గాలికిపోయింది. "వీపు ఎందుకు వదిలేశారు?"

"అంతవరకే కుట్టమన్నాడు. మిగతాది ఇంకా చెప్పలేదు." నా పక్కన కూలబడింది. "ఫాదర్ గారికి గొప్పగా చెప్పాను గానీ, ఈసారి నాకూ భయంగానే ఉంది పిల్లా. భయంతోనే కుడుతున్నాను. ఆ పిలిచేవాడు మంచివాడు. అదొక్కటే నాకు తెలుసు." ఇద్దరం ఒకళ్లనొకళ్లం పట్టుకుని ఏడ్చాం.

బిడ్డ నీలంగా పుట్టాడు. ఏడవలేదు. "మీకు చేసుకునేదేమైనా ఉంటే చేసుకోండి" అని డాక్టరమ్మ అత్తయ్యని లోపలికి పిలిచింది. ఆవిడ ఒక చేతిలో ఆ అంగీ, దానికి గుచ్చిన సూదీ దారం. రెండో చేత్తో గ్లాసెడు నీళ్లు అందుకుని, వాడి నుదుటి మీద పోసి జ్ఞానస్నానం ఇచ్చింది. ఆ చల్లటి నీళ్లకో, డాక్టరమ్మ హస్తవాసికో, వాడు కెవ్వుమన్నాడు.

అత్తయ్య అక్కడే స్టూలు మీద కూర్చుని, "ఆ, వస్తున్నా, వస్తున్నా" అంటూ బతికున్నవాళ్ల గౌనుకి మల్లే వీపు కుట్టేసింది. ఆవిడ చేతిలో నేను చూసిన వంకర కుట్టు అదొక్కటే.

ఇప్పుడు వాడు మిషనెక్కి దూకే వయసువాడు. చూపు మందగించి అత్తయ్య మంచానపడితే, మిషను ముందు నేను కూర్చున్నాను. నెల కిందటి మాట. ఎవరిదో గౌను అంచు కుడుతున్నాను. గుడి గంట ఆగింది. ఎవరో పిలిచారు.

"ఆ, వస్తున్నా" అన్నాను.

"నేను పిలవలేదమ్మాయ్" అంది అత్తయ్య మంచం మీంచి.

ఇంట్లో ఇంకెవరూ లేరు. నా కాళ్లు బీరువా దగ్గరికి నడిచాయి. గుడ్డ పరిచాను. ఇరుకు భుజాలు, ఏళ్ల తరబడి మిషను మీదికి వంగి ఎడమవైపుకి జారిన భుజం. సగం కత్తిరించేసరికే తెలిసిపోయింది. కత్తెర మళ్లీ బీరువా వెనక్కి విసిరేయాలనిపించింది.

"ఎవరిదని అడగకు, చెయ్యి వణుకుతుంది" అంది ఆవిడ గోడవైపు తిరిగి.

ఏడుస్తూనే కుట్టాను. చేతులు అయ్యాయి, మెడ అయింది, శిలువ అయింది. నా మొండితనం ఎక్కడికి పోతుంది? వీపు అంచులు రెండూ కలిపి సూది కింద పెట్టాను. పెడల్ మీద కాలు వేశాను.

వెనకనుంచి చల్లటి చెయ్యి నా మణికట్టు పట్టుకుంది. మంచం దిగి ఎప్పుడొచ్చిందో, ఎలా వచ్చిందో.

"అది కుట్టకమ్మా" అంది అత్తయ్య. "ఈసారి నాకు భయం లేదు."