కడప ప్రెస్సులో వత్తుల దొంగ

రెండో ప్రపంచ యుద్ధం మొదలైన మరుసటి ఏడు కడపలో ఒక చిన్న ప్రెస్సుకు ఫోర్మన్‌గా చేరాను. యజమాని సుబ్బయ్య శెట్టిగారు. ముగ్గురు కంపోజిటర్లు, మిషన్ నడిపే ఖాసిం సాహెబు. కోర్టు వేలం నోటీసులు, పెళ్లి పత్రికలు, చర్చి కరపత్రాలు మా పని.

సీసపు అక్షరాలు గళ్లున్న చెక్క పెట్టెలో ఉంటాయి. దాన్ని కేసు అంటాం. కంపోజిటర్ అక్షరాలు ఏరి పేజీ కూరుస్తాడు. అచ్చు అయ్యాక వాటిని విడదీసి మళ్లీ ఏ గడిలోవి ఆ గడిలో వేయాలి. దీన్ని మేము పంచడం అంటాం. తెలుగులో వత్తులు లేనిదే వాక్యం నడవదు. ఆ ఏడు వత్తులు తగ్గిపోసాగాయి. యుద్ధం వల్ల మద్రాసు నుంచి కొత్త టైపు రావడం లేదు.

శెట్టిగారికి ఖాసిం మీద అనుమానం. “వాని బావమరిది గిన్నెలకు కళాయి పోస్తాడప్పా. మన సీసం యాడికి పోతాందో నేను చెప్పల్నా?” అన్నారు. ఒక శుక్రవారం మంత్రగాణ్ణి పిలిపించి అందరిచేతా బియ్యం నమిలిస్తానన్నారు. నోరెండి పిండి పొడిగా ఊసినవాడు దొంగ. భయపడితే నిర్దోషి నోరూ ఎండుతుందని వాదించాను. శాస్త్రీయమైన మార్గం నా దగ్గర ఉందనుకుని, సాయంత్రం వాకిట్లో తనిఖీ పెట్టాను. జేబులు తిప్పించాను, తలపాగాలు విప్పించాను.

మొదటి రోజు ఖాసిం రుమాలు విప్పి దులిపాడు. “నోరు గూడా చూడండి సార్. రంజాను రోజాలో ఉండా, నీళ్లు గూడా దొరకవు,” అన్నాడు. మిగతావాళ్లు నవ్వారు. నేను నవ్వలేదు. అతని నోరు కూడా చూశాను.

పది రోజులైనా ఒక్క వత్తు దొరకలేదు. కేసులు మరింత ఖాళీ అయ్యాయి. ఈ శుక్రవారం బియ్యం తప్పదని, తప్పుకున్నవాడికి పని లేదని శెట్టిగారు తేల్చేశారు. అప్పుడు తట్టింది: ఉపవాసంలో ఉన్న ఖాసిం బియ్యం నోట పెట్టడు. పెట్టకపోవడమే నేరం ఒప్పుకోవడం అవుతుంది. ముగ్గురు పిల్లలున్న ఇంట్లో సంపాదించేది అతనొక్కడే.

గురువారం ఒక వేలం నోటీసు అత్యవసరంగా వచ్చింది. ఇద్దరు కంపోజిటర్లు వత్తుల్లేక చేతులు ముడుచుకున్నారు. పెద్దవాడైన యేసోబు మాత్రం ఆగకుండా కూరుస్తున్నాడు. అతని కేసులో వత్తుల గడి ఖాళీగా ఉంది. దగ్గరికి వెళ్లి ఎక్కడివని అడిగాను. కేసు కింది నుంచి చిన్న గుడ్డమూట తీసి నా ముందు పెట్టాడు.

“వత్తు లేక పని ఆగితే తిట్లు నాకే గదయ్యా. అందుకని పంచేటప్పుడు కొన్ని దాసిపెట్టినా. మళ్లా గడిలో వేద్దామంటే మీరు తలపాగాలు విప్పించబడ్తిరి. ఇప్పుడు వేస్తే దొంగ దొరికినాడంటారు. నేనొక్కన్నే కాదు, వాళ్లనూ అడగండి.”

మిగతా ఇద్దరూ తలలు దించుకుని, దొరికిపోతామన్న భయంతో వాడకుండా దాచిన వత్తుల అగ్గిపెట్టెలు తీశారు. అన్నీ కుప్ప పోస్తే కొరత దాదాపు తీరింది. ఏ వత్తూ గడప దాటలేదు. వాకిట వెతికినవాణ్ణి కాబట్టి నాకు కనబడలేదు.

ఆ కుప్పనే శెట్టిగారికి చూపించాను. ఆయన బియ్యం సంగతి మళ్లీ ఎత్తలేదు. ఖాసింను మాత్రం క్షమించమని అడగలేదు. క్షమాపణ నేను చెప్పాను. “మీరు చదువుకున్నోళ్లు సార్, మంత్రగాన్ని నమ్మరు. బావమరిది కళాయి మాటను నమ్మితిరి,” అన్నాడు.

తనిఖీ ఎత్తేశాను. కరువైన అక్షరాలకు గది నడుమ ఒకే ఉమ్మడి పెట్టె పెట్టించాను. కొరత ఏర్పడితే ఎవరు తీశారని కాక, ఏ అక్షరం తగ్గిందని అడగడం నియమం చేశాను. మళ్లీ ఎవరూ దాచలేదు. ఖాసిం మాత్రం చాలా నెలలు సాయంత్రం నా ముందు ఆగి, రుమాలు విప్పి దులిపి వెళ్లేవాడు.

ముప్పై ఏళ్లు ప్రెస్సుల్లో పనిచేశాను. మూఢనమ్మకాన్ని ఖండించడం సులువు. ఆధారం లేకుండా ఒక మనిషిని అనుమానించడమూ మూఢనమ్మకమేనని ఒప్పుకోవడానికి నాకు ఆ పది రోజులు పట్టింది.