తుంగమడుగు నాలుగు మూలలు

మొన్న గుడివాడ మార్కెట్లో ఒకావిడ కొత్త తుంగచాప విప్పి పరిచేసరికి, ఎండిన గడ్డీ బురదా కలిసిన ఆ వాసనకి నేను కొనవలసిన కూరలు మర్చిపోయి అక్కడే నిలబడిపోయాను.

నాగాయలంక దగ్గర మా ఊరికి తూర్పున, ఉప్పుకాలువ పక్కన, తుంగమడుగు ఉండేది. అది ఏ ఒక్కరిదీ కాదు, ఊరందరిదీ. కార్తీకంలో మనిషెత్తు తుంగ గాలికి ఊగుతుండగా, నాగులచవితి మర్నాడు రంగమ్మ పెద్దమ్మ చిమ్మిలి ఉండలు మూటగట్టుకుని మమ్మల్ని మడుగు చుట్టూ తిప్పేది. మాకు చుట్టం కాదు గానీ ఊరి పిల్లలందరికీ పెద్దమ్మే. చాపలల్లి అల్లి ఆవిడ వేళ్ళు వంకర తిరిగిపోయాయి. మూలమూలనా ఆగి "ఇదేంటి?" అని అడిగేది. మొండి తాడి, కాలువ మలుపు, మడచెట్టు, పాడు నుయ్యి అని మేం అరిస్తే, ఒక్కొక్కరి చెవీ మెలిపెట్టి, ఆ మంట తగ్గకముందే నోట్లో చిమ్మిలి పెట్టేది. అలాగైతే మర్చిపోరని ఆవిడ నమ్మకం.

నడుస్తూనే చెప్పేది: "ఉప్పెనకి ఇళ్ళు పోయాయి, చేలు పోయాయి. ఈ తుంగ కోసి చాపలల్లుకునే బతికాం. అందుకే ఇది ఎవరి సొంతమూ కాకూడదని అనుకున్నాం." అందరూ ఒకే రోజున, ఇంటికో కొడవలితో దిగాలి, మొదలు వదిలి కోయాలి, మగదిక్కు లేని ఇంటికి ముందు వంతు. ఈ కట్టుబాట్లన్నీ మాకు ఎక్కాల్లా నోటికొచ్చేవి.

నాకు పదేళ్ళప్పుడు మా నాన్న రొయ్యల చెరువు తవ్వించాలనుకున్నాడు. మడుగు అంచునున్న మా చేను చాలలేదు. పాడు నుయ్యి పూడ్పించి, దానికి ఇవతల, మడుగు లోపలికి జరిపి హద్దు గుంజలు పాతించాడు. ఊరంతా గట్టు మీద చేరింది. నుయ్యి ఎక్కడుండేదో పెద్దవాళ్ళకి తెలియక కాదు, నాన్నతో పేచీ ఎందుకని తలలు దించుకున్నారు.

"పెద్దోళ్ళు మర్చిపోయారంట. పిల్లల్నే చెప్పనివ్వండి," అంది పెద్దమ్మ. అందరి వంకా చూసింది, నా వంక తప్ప. పిల్లలేమో వాళ్ళ నాన్నల మొహాలు చూస్తున్నారు. నేను గుంజలు దాటి నడిచి, మెత్తగా దిగబడే కొత్తమట్టి మీద నిలబడ్డాను.

"ఇక్కడే పెద్దమ్మా."

"ఇంటికి పదవే," అన్నాడు నాన్న. నేను కదల్లేదు.

రెండు రోజులు నాన్న నాతో మాట్లాడలేదు. అమ్మ అన్నం పెడుతూ నా తల నిమిరేది, అంతే. మూడోనాడు పొద్దున్నే నాన్న ఒక్కడే వెళ్ళి గుంజలన్నీ పీకేశాడు. తిరిగొచ్చి మా పెరటి నూతిగట్టు దగ్గర కాళ్ళు కడుక్కుంటూ, "చెవినొప్పి బాగానే గుర్తుందే నీకు," అన్నాడు. అప్పుడేడ్చాను, అన్ని రోజుల ఏడుపూ.

పెద్దమ్మ పోయాక పిల్లల్ని తిప్పేవాళ్ళు లేకపోయారు. నేనూ పెళ్ళై గుడివాడ వచ్చేశాను. ఒక మూల నుంచి ఒకరు, ఇంకో మూల నుంచి ఇంకొకరు తవ్వుకుంటూ వచ్చారు. ఎవరూ అడగలేదు, నేనూ అడగలేదు.

పోయిన నెల ఊరెళ్తే, తుంగ ఉన్నచోటల్లా చెరువులు, నీళ్ళు చిమ్ముతూ తిరిగే చక్రాలు. మా పక్కింటి పదేళ్ళ పిల్ల నాతో నడుస్తూ ఏ చెరువు ఎవరిదో తడుముకోకుండా చెప్పింది.

"మరి అందరిదీ ఏదమ్మా?" అన్నాను.

చుట్టూ చెరువులన్నీ ఒకసారి చూసి, కాళ్ళ కిందకి చూపించింది.

"ఈ రోడ్డండీ."