గుమ్మానికి ఎడమ పురి తాడు

యుద్ధానికి ముందు, ముప్ఫైలలో, నేను తాడేపల్లిగూడెంలో ఒక బియ్యం మిల్లు గుమాస్తాను. కొత్త ఇంజను బిగించడానికి వచ్చిన జపాను మెకానిక్, దాన్ని నడిపే రోజు ఉదయం వరిగడ్డితో తాడు పేని, తెల్లకాగితాలు వేలాడదీసి, ఇంజను గది గుమ్మానికి కట్టాడు.

అది ఎడమ పురి తాడు, మామూలు తాడుకు ఎదురువైపు మెలితిప్పింది. మా వైపు అలా పాడెకే పేనుతారు. కూలీలు ఆగిపోయారు. ముఠా మేస్త్రి ముత్తయ్య తమ్ముడు అంతకుముందు ఏడాదే పాత ఇంజను బెల్టులో పడి చనిపోయాడు. ముత్తయ్య కొడవలి తీశాడు.

“ఇంకెవరికి కడుతున్నాడండీ పాడె? అడగండి గుమాస్తాగారూ!”

వేటు తాడు మీదో మనిషి మీదో తెలియక ఇద్దరి మధ్యకూ వెళ్ళాను. వచ్చీరాని ఇంగ్లీషులో అడిగాను.

“మా దేశంలో గుళ్ళకు ఇలాగే కడతాం. దీన్ని దాటి చెడు లోపలికి రాదు. ఈ ఇంజను ఎవరినీ పొట్టన పెట్టుకోకూడదని కట్టాను” అని చెప్పి, అతను గుమ్మానికి వంగి నమస్కరించి, రెండుసార్లు చప్పట్లు చరిచాడు.

నేను తెలుగులో చెప్పాను. ముత్తయ్య కొడవలి దించి, తాడు చివర లాగి చూశాడు.

“ఆ చివర వదులుగా ఉందండీ. ఇంకో ముడి వెయ్యమనండి.”

నేనున్నంత కాలం ఆ ఇంజను ఎవరినీ బలిగొనలేదు. అది తాడు మహిమేనని నేను లెక్క తేల్చలేను. కానీ లోపలికి వెళ్ళే ప్రతివాడూ ఆ గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగేవాడు.