బెంగుళూరుకు రాసిన ఉత్తరం

మా పక్కింటి మామ పోయారని అమ్మ కార్డు రాసింది. కడపలో నేను పనిచేసే ఆడపిల్లల బడికి ఆ కార్డు చేరేసరికి కర్నూలులో ఆయన్ను మట్టిచేసి రెండు రోజులైంది. మొదట నా ఆరోగ్యం అడిగి, బావిలో నీళ్లు అడుగంటాయని చెప్పి, చివర మిగిలిన కాస్త చోటులో ఆ మాట ఇరికించింది. నిలబడే చదివాను. ఇంతలో గంట కొట్టారు. వెళ్లి పిల్లలకు పాఠం చెప్పాను. ఏం చెప్పానో గుర్తులేదు.

మామ మాకు బంధువు కాదు. మా పెరటి గోడకు అవతల ఉండే తోళ్ల వ్యాపారి, సాయిబుల ఇల్లు. ఊరు ఆయన్ను తోళ్లతో కాక ఫుట్‌బాల్ క్లబ్బు సెక్రటరీగా ఎరుగును. ఈ మూడేళ్లుగా క్లబ్బును ముంచినవాడుగానూ ఎరుగును. ఈ రెండో మాట కోసమే నేనిది రాయడం.

తోళ్ల వాసన పోవడానికి ఆయన చెవిలో అత్తరు దూది పెట్టుకునేవారు. అయినా ఆ వాసన పోయేది కాదు. బంతికి గొర్రె కొవ్వు రాసి, ఎండలో కాకుండా నీడలో ఆరబెట్టేవారు. ఆడపిల్లలు గ్రౌండుకు పోయే ఊరు కాదు మాది. అందుకని ఆట అయిన సాయంత్రం పెరటి గోడ మీద వేరుశనక్కాయలు పేర్చి, ఎవరు ఎటు పరిగెత్తారో, బంతి ఎక్కడ చేజారిందో నాకు చూపించేవారు. మా జట్టుకు ఎప్పుడూ పుచ్చు కాయలే ఏరేవారు. ఓడిన రోజు ఆ కాయల్ని ఒలిచి తినకుండా లెక్కగా జేబులో వేసుకుని లోపలికి పోయేవారు. ఒక్కసారైనా ఆటగాణ్ణి తిట్టగా వినలేదు.

మా వీధి కిటికీకి ఎదురుగా సోడా కొట్టు. క్లబ్బు మీద ప్రాణం పెట్టుకున్నవాళ్లంతా అక్కడి బల్ల మీద చేరేవారు. నేను మద్రాసులో బి.ఎ. ముగించి ఇంట్లో ఊరికే కూర్చున్న ఏడాది, జట్టు వరసగా ఓడింది. క్లబ్బు పెట్టెలో గ్రౌండు గుత్త కట్టడానికి కూడబెట్టిన డబ్బు తప్ప మరేమీ లేదు. ఆ డబ్బుతో బెంగుళూరు నుంచి పేరున్న ఫార్వర్డును పిలిపించాలని కొందరు, వద్దని కొందరు.

"వల కట్టే తాడుకు దుడ్లు లేవు, బెంగుళూరు మనిషి కావాలంటప్పా వీళ్లకు," అనేవాడు జట్కా తోలే ఆయన.

"నీ గుర్రానికి గడ్డి లేకపోయినా నీ బీడీ ఆగిందా?" అని నూనె మిల్లు గుమాస్తా అంటించేవాడు.

మామ మధ్యలో కూర్చుని ఇద్దరివీ వినేవారు. వాళ్ల నోళ్లకు ఎలా ఓర్చుకుంటారని ఒకసారి అడిగాను. "గెలిస్తే వచ్చేటోళ్లు తిరునాళ్లకు వచ్చినట్ల వస్తారు బిడ్డా. ఓడినా తిట్టనీకి వచ్చేటోళ్లే మనోళ్లు," అన్నారు.

ఆయనకు ఇంగ్లీషు రాదు. బెంగుళూరు ఆటగాడి ఉత్తరాన్ని గోడ మీదుగా నాకు అందించారు. చదివి చెప్పాను: రాకపోకల ఖర్చు, బస, ఆరు నెలల జీతం, కుడి మోకాలికి మునుపు దెబ్బ తగిలింది, ఇప్పుడు నయమైంది. మామ ఉత్తరం మడిచి జేబులో పెట్టుకున్నారు.

"నువ్వేమంటావు బిడ్డా?"

పెళ్లి సంగతి తప్ప నన్ను మరే సంగతీ ఎవరూ అడగని రోజులవి. వెంటనే చెప్పేశాను. "పిలిపించండి మామా. ఓడే జట్టుకు గ్రౌండు ఉండి ఏం లాభం? గెలిస్తే గ్రౌండు గలవాళ్లే పిలిచి ఇస్తారు."

నేనప్పటికి ఒక్క ఆటైనా కళ్లతో చూడలేదు.

జవాబు నేనే రాశాను. పెద్ద పట్టణపు క్లబ్బు రాసినట్టు ఉండాలని, ఎవరూ చెప్పకుండానే ఒక వాక్యం చేర్చాను: ఆడినా, ఆడలేకపోయినా ఆరు నెలల జీతం ముడుతుంది. మామకు చదివి వినిపించేటప్పుడు ఆ వాక్యం దాటేశాను. దాచాలని కాదు. అంత ముఖ్యమని తోచలేదు. ఆయన కింద ఉర్దూలో సంతకం చేశారు.

వచ్చినవాడు రెండు ఆటలు గెలిపించాడు. ఊరు ఊగిపోయింది. మూడో ఆటలో, మా రాళ్ల నేల మీద, ఎవరూ తాకకుండానే మోకాలు పట్టుకుని కూలబడ్డాడు. మరి లేవలేదు. జీతం ఇవ్వనక్కర్లేదని క్లబ్బు అంటే, ఉత్తరం తీసి చూపించాడు. గుమాస్తా చదివాడు. ఇది ఎవరు రాయించారని అందరూ మామను అడిగారు. నా కిటికీలోంచి నేను విన్నాను.

"నేనే రాయించినా," అన్నారు మామ.

గుత్త డబ్బంతా జీతానికి పోయింది. గ్రౌండును మిల్లువాళ్లు శనక్కాయలు ఆరబోయడానికి తీసుకున్నారు. క్లబ్బు లేదు. మామ రోజూ అదే బల్ల మీద కూర్చుని, అదే ప్రశ్నకు అదే జవాబు చెప్పేవారు. నాతో గోడ దగ్గర ఒక్కసారే ఆ ప్రస్తావన తెచ్చారు: "రాసినాం గదా బిడ్డా, ఇయ్యాల్సిందే." రాసినావు అనలేదు. ఆ మాట మీదే నేను కడపలో ఉద్యోగం చూసుకుని పారిపోయాను.

కార్డు వచ్చిన మరునాడు కర్నూలు వెళ్లాను. మామ భార్య నా చేతులు పట్టుకుని, ఆయన నా కోసం చాలాసార్లు అడిగారని చెప్పింది. బయటికి వచ్చేసరికి సోడా కొట్టు దగ్గర వాళ్లే ఉన్నారు. "మంచోడే. ఆ ఉత్తరం మాత్రం ఎవురి మాట ఇని రాయించినాడో," అంటున్నాడు జట్కా ఆయన.

నేను ఇంట్లోకి పోవలసినదాన్ని, వీధి దాటాను. "నా మాట. ఆ వాక్యం నేను రాశాను. ఆయనకు తెలియదు," అన్నాను.

జట్కా ఆయన బీడీ పారేశాడు.

"ఆయప్ప ఉండంగ చెప్పింటే శానా బాగుండు గదమ్మా."

అవునన్నాను.

తరువాత గుమాస్తా గొంతు సవరించుకుని, మోకాలు దెబ్బతిన్నవాడని తెలిసి కూడా ఎట్ల పిలిపించినావమ్మా అని అడిగాడు. చెప్పాను. గ్రౌండు పోతుందని తోచలేదా అని సోడా కొట్టు ఆయన. చెప్పాను. మా అమ్మ కిటికీలోంచి పిలుస్తూనే ఉంది. మిట్టమధ్యాహ్నపు ఎండ. తల మీద కొంగు జారిపోయినా సర్దుకోలేదు. వాళ్లు ఒకరి తరువాత ఒకరు అడుగుతూనే ఉన్నారు, నేను వీధిలో నిలబడి జవాబు చెబుతూనే ఉన్నాను.