చట్నీ గిన్నెతో పనిలేని బజ్జీ

సదానందం సారు చేతికి ఏది దొరికినా దాన్ని ప్రొటీన్ చేసేస్తాడు, చేసిన ప్రతిసారీ తప్పు చేస్తాడు. హనుమకొండలో ఇంతకాలం జీవశాస్త్రం పాఠం చెప్పిన మనిషి!

నలుగురిలో నోరు మెదపని యమున ఆయన దగ్గరే పరిశోధన చేస్తోంది. వైరస్ తయారుచేసే నకిలీ కబురు ప్రొటీన్ మన కణాన్ని ఎట్లా పట్టుకుంటుందన్నది ఆమె విషయం. సుబేదారిలో లచ్చవ్వ మిర్చిబండి దగ్గర సారు ఓ రోజు మొదలుపెట్టాడు.

"లచ్చవ్వా, ఈ బజ్జీ మన ఒంట్లో కబురు మోసే ప్రొటీన్ అనుకో. ఈ చట్నీ గిన్నె, ఆ పెద్ద గిన్నె కణం మీద కబురు పట్టే రిసెప్టర్లు. బజ్జీ ముందుగాల చట్నీ గిన్నెను పట్టుకోవాలె. రెండూ కలిసి పోతేనే పెద్ద గిన్నె కబురు అందుకుంటది. వైరస్ బజ్జీ గూడ గంతే."

"కాదు సార్!" యమున గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది. "వైరస్‌ది చట్నీ గిన్నెతో పనిలేకుండ నేరుగ పెద్ద గిన్నెకే అతుక్కుంటది. దాని అంచు జిడ్డుజిడ్డుగ ఉంటది గద!"

"అట్లనా? నా బుర్ర దవాఖానల చూపెట్టాలె బిడ్డా."

"సారూ, అది సల్లారుతాంది, తినుండ్రి," అంది లచ్చవ్వ.

మర్నాడు బస్సులో గొడుగుతో అదే తప్పు. తర్వాత ఆటోలో టిఫిన్ డబ్బాతో. చివరికి ఆటో నర్సింగం యమునకంటే ముందే, "చిన్నదాంతోని పనిలేదు సార్!" అనేటోడు.

అట్లా దిద్దే యమునకు మైకు చూస్తే మాత్రం నాలుక సెలవు పెట్టేది. సెమినార్‌లో ఆమె చేసిందల్లా నమస్కారం పెట్టి, సీసాడు నీళ్లు తాగి కూర్చోవడమే. "నీళ్లు తాగుడు మీద నాకు డాక్టరేట్ ఇయ్యొచ్చు," అని తనే నవ్వేది. డాక్టరేట్‌కు పెట్టే నోటి పరీక్ష, వైవాలోనూ అదే జరిగితే మాత్రం ఇన్నేళ్ల చదువు గంగపాలు.

జరగనే జరిగింది. బయటి నుంచి వచ్చిన పరీక్షకుడు, "ఈ బంధం ఎలా కుదురుతుందో చెప్పమ్మా," అన్నాడు. యమున నమస్కారం పెట్టింది. చెయ్యి నీళ్లసీసా కోసం వెతికింది. సీసా లేదు. అది సారు చేతిలో ఉంది.

"నేను చెప్త," అని లేచాడు సారు. "ఈ సీసా వైరస్ ప్రొటీన్. ఇది ముందుగాల ఈ చిన్న కప్పును పట్టుకుంటదన్నట్టు..."

పరీక్షకుడు కళ్లద్దాలు సవరించుకున్నాడు.

"కాదు సార్!"

హాలంతా ఉలిక్కిపడింది. యమున సీసా లాక్కొని మొదలుపెట్టింది. పరీక్షకుడే చివరికి, "చాలమ్మా, డాక్టర్ యమునా!" అని బతిమాలాడు.

సాయంత్రం లచ్చవ్వ బండి దగ్గర ఆమె సారును నిలదీసింది. "ఇన్నొద్దులు కావాల్నని తప్పు చెప్పిండ్రా సార్?"

"మొదటిపారి నిజంగనే తప్పైంది బిడ్డా," సారు తల గోక్కున్నాడు. "నువ్వు నోరు తెరిచినవని ఇగ దాన్ని ఇడువలేదు."

అని వేడి బజ్జీ ఒకటి తీసి, చట్నీ గిన్నె జోలికి పోకుండా నేరుగా నోట్లో పెట్టుకున్నాడు.