ఎవరిది గట్టి ఊపిరి

మా వీధి చివర ఎవరో ఇల్లు కట్టుకుంటున్నారు. నిన్న మధ్యాహ్నం పోస్టాఫీసు నుంచి వస్తుంటే, మేస్త్రీ ఎండలో కాగిన ఇటుకల మీద గొట్టంతో నీళ్లు కొడుతున్నాడు. ఆ ఆవిరి వాసన ముక్కుకి తగిలింది. తొలకరి వాసనలా ఉంటుందని కొందరికి అది ఇష్టం. నాకు మాత్రం పగవాడి వాసన. పక్కింటి అరుగు మీద కూలబడిపోయాను. మేస్త్రీ గొట్టం పడేసి పరిగెత్తుకొచ్చి, "వడదెబ్బా ఏంటి అమ్మగారూ?" అన్నాడు. ఆ మాటే అనాలా ఆ మహానుభావుడు! కాదు నాయనా, మా వెంకటరత్నం మాస్టారు గుర్తొచ్చారు అని చెబితే అతనికేం అర్థమవుతుంది? ఆయన్ని మీరూ ఎరగరు. అయినా మీకు చెప్పుకోవాలనిపిస్తోంది.

ఎనభైల మొదట్లో మాట. నూజివీడులో నేను చదివిన హైస్కూలుకి ఆయన డ్రిల్లు మాస్టారు. సన్నగా, పొడుగ్గా, ఇస్త్రీ చేసిన తెల్ల ప్యాంటులో, గ్రౌండులో ఎంత దుమ్ము లేచినా మాసిపోకుండా తిరిగేవారు. ఆయనకో పిచ్చి ఉండేది. కబడ్డీ ఆడేవాడు, వాలీబాల్ ఆడేవాడు, పరుగెత్తేవాడు, వీళ్లలో ఎవరి ఒళ్లు అన్నిటికన్నా గట్టిదో తేల్చవచ్చని ఆయన నమ్మకం. దానికి ఆయన కనిపెట్టిన పరీక్ష వింటే మీరు నవ్వుతారు. ఎవరి ఆట వాళ్లచేత ఒళ్లు హూనమయ్యేదాకా ఆడించి, విజిలు ఊది ఆపేసి, మణికట్టు పట్టుకుని, "నిన్న రాత్రి ఏం కూర తిన్నావు? ఎలా చేశారో చెప్పు" అనేవారు. రొప్పు లేకుండా, మాట తెగకుండా ఎవడు ముందు చెప్పగలిగితే వాడిదే గట్టి ఒళ్లు. "ఆటలు వేరైనా ఊపిరి ఒక్కటే కదర్రా. అలసిపోవటం అందరికీ వచ్చు. తేరుకోవటమే తేడా," అనేవారు. పిల్లలందరం ఆయన్ని చాటుగా 'కూర మాస్టారు' అనేవాళ్లం.

నాది పరుగు. పదో తరగతి అయ్యాక ఇక చాలు, కొట్లో కూర్చోమన్నారు మా నాన్న. మాది మామిడి యార్డుకి ఎదురుగా చిన్న కిరాణా కొట్టు. మాస్టారు ఒక సాయంత్రం వచ్చి బెల్లం కొన్నారు, మర్నాడు వచ్చి చింతపండు కొన్నారు, మూడో రోజు అసలు సంగతి కదిపారు. "ఆడపిల్ల పరుగులెట్టి ఏం సాధిస్తుందండీ మాస్టారూ?" అన్నారు నాన్న. "పరుగే సాధిస్తుందండీ. అది చాలదా?" అన్నారాయన. ఆ జవాబుకి నాన్న తెల్లబోయి, తరవాత నవ్వేసి, నన్ను ఇంటరు చదవనిచ్చారు, పొద్దున్నే గ్రౌండుకి వెళ్లనిచ్చారు. నా బతుకులో నా తరఫున ఒక మనిషి నిలబడి మాట్లాడటం అదే మొదటిసారి. ఎంత సంతోషం వేసిందో! ఆ రాత్రి నిద్ర పట్టలేదంటే నమ్మండి.

మా కొట్టుకి ఎదురుగానే శేషయ్యగారి మామిడి కమిషన్ కొట్టు. ఆయన ప్రతి వేసవీ ఊళ్లో మేటి ఆటగాడికి ఒక వెండిపూత కప్పు ఇచ్చేవారు. ఎవరు మేటి అన్నది ఆ కొట్లో, వరిగడ్డి పరచిన కాయల రాశుల మధ్య, వాదించుకుని తేల్చేవాళ్లు. వాదించుకుని అంటే అరుచుకుని. ఎవరి గొంతు పెద్దదైతే వాళ్ల మనిషికి కప్పు. కబడ్డీ పిచ్చోళ్ల గొంతే ఎప్పుడూ పెద్దది. మాస్టారు ఒక్కరే స్టూలు మీద కూర్చుని, చల్లారిన టీ పట్టుకుని, తన లెక్క చెప్పబోయేవారు. "మాస్టారూ, బంగినపల్లి గొప్పదా, చిన్నరసం గొప్పదా అంటే ఏం చెబుతామండీ? కోసుకు తినేది ఒకటి, పిసుక్కు తాగేది ఒకటి," అని శేషయ్యగారు నవ్వేవారు. "కాయల సంగతి మీకొదిలేశానండీ. మనుషుల సంగతి నన్ను చెప్పనివ్వండి," అనేవారు మాస్టారు. "అయితే చెప్పండి, నిన్న ఏం కూర?" అని ఎవరో అరిచేవారు. కొట్టంతా ఘొల్లుమనేది. ఎదురుగా పప్పులు తూస్తూ అన్నీ వినేదాన్ని. ఆయన కూడా నవ్వేవారు. ఆ నవ్వు కింద ఎంత కాలిందో నాకప్పుడు తెలియలేదు.

నా ఇంటరు అయిన వేసవిలో, వ్యాయామ ఉపాధ్యాయుల శిక్షణకి మా హైస్కూలు పాత విద్యార్థుల్లోంచి ఒక్క పేరు పంపమని కబురొచ్చింది. ఒక్కటే సీటు. ఆ శిక్షణ అయితే ఉద్యోగం ఖాయం. నాకది రాకపోతే పెళ్లి ఖాయం. మాస్టారు నా పేరన్నారు. ఊరంతా కోటేశు పేరంది.

కోటేశుది రెడ్డిగూడెం. నా క్లాసే. కబడ్డీలో కూతకి వెళ్తే నలుగురు పట్టుకున్నా ఈడ్చుకొచ్చేసేవాడు. తండ్రి లేడు. తల్లి తోటల్లో కాయ కోతకి వెళ్లేది. వాడికీ ఆ సీటు ప్రాణంతో సమానం. అయినా నా మీద ఈర్ష్య ఉండేది కాదు. గ్రౌండులో నేను చుట్లు కొడుతుంటే, "ఏంటి పార్వతీ ఆ పరుగు, రైలు తప్పిపోతుందా?" అని వేళాకోళం చేసేవాడు. "నీలాగా జనాన్ని ఈడ్చుకెళ్లటం నాకు రాదులే," అనేదాన్ని. ఇద్దరం కలిసి మాస్టారి పరీక్షకి నిలబడితే నేను మాటల్లో వంకాయ కూర అంతా వండి వడ్డించేసరికి వాడింకా ఉల్లిపాయ దగ్గరే రొప్పుతుండేవాడు. ఓడిపోయినందుకు పకపకా నవ్వేవాడు.

"మీ కూర లెక్క మాకొద్దండీ మాస్టారూ," అన్నారు శేషయ్యగారు ఆ ఏడు. "ఏ ఆటా కాని పని ఒకటి పెడదాం. గంపలు లారీకి ఎత్తాలి. అందరికీ అదే పని. ఆఖరిదాకా ఎవరు నిలబడితే వాళ్లకే కప్పు, వాళ్లదే సీటు. మీ అమ్మాయి నెగ్గితే మీ లెక్కే రైటని చెంపలేసుకుంటాం." మాస్టారు చేతిలోని చల్లారిన టీ ఒక్క గుక్కలో తాగేశారు. తరవాత, "సరే. మాట మీద ఉండాలి మరి," అన్నారు. ఎదురు కొట్లో నేను ఎగిరి గంతేశాను.

పొద్దున, సాయంత్రం యార్డు నిండా లారీలే. మనుషులకి ఊపిరాడదు. ఖాళీగా ఉండేది మధ్యాహ్నమే. సరే, మధ్యాహ్నమే అన్నారు. మే నెల. అయితే మధ్యాహ్నపు ఎండలో కాయని బయటికి తీయరు మా దగ్గర. కాయ ఉడికిపోతుంది, లోడంతా పాడవుతుంది. అందుకని గంపల్లో ఇటుకలు పేర్చారు. ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్లు మండిపోతుంది నాకు. కాయలు పాడవుతాయని తెలిసిన పెద్దమనుషులు, ఇంతమంది, నీడలో నిలబడి చూశారు. మనిషి పాడవుతాడని ఒక్కరికీ తట్టలేదు. అన్నీ తెలిసిన మా మాస్టారికీ తట్టలేదు.

వాలీబాల్ కుర్రాళ్లు ముందే మానేశారు. నేను ఎత్తుతూనే ఉన్నాను. మాస్టారు మధ్య మధ్య నా మణికట్టు పట్టుకుని తల ఊపుతున్నారు. ఆఖరికి నా కళ్ల ముందు నల్లగా అయ్యి, "ఇక నావల్ల కాదు మాస్టారూ," అని గంప దించేశాను. ఆయన మొహం వాడిపోయింది. నేను ఆగానని చూసి కోటేశు ఈలలు, కేకల మధ్య ఇంకా రెచ్చిపోయాడు. గెలిచేశావు ఆపరా అని అనేవాళ్లు లేరు. చెమట ఆగిపోయి వాడి ఒళ్లు పొడిగా, ఎర్రగా అయింది. తూలుతూ ఒక గంప ఎత్తి, లారీ దగ్గరికి కాకుండా అటు గోడవైపు నడిచాడు. జనం నవ్వారు. గోడ దగ్గర పడిపోయాడు.

ఇటుకలన్నీ చెల్లాచెదురయ్యాయి. ఎవరో కుండ తెచ్చి వాడి మీద కుమ్మరించారు. వాడి మీంచి జారిన నీళ్లు ఆ ఇటుకల మీద పడి ఆవిరి లేచింది. మాస్టారు తెల్ల ప్యాంటుతో ఆ బురదలో మోకాళ్ల మీద కూర్చుని, వాడి చెయ్యి పట్టుకుని, "ఒరేయ్ కోటేశూ, నిన్న ఏం కూర తిన్నావురా? చెప్పరా. నెమ్మదిగానే చెప్పు. ఏం కూర నాన్నా?" అని అడుగుతూనే ఉన్నారు. వాడి పెదాలు కదిలాయి. మాట రాలేదు. ఆ లారీలోనే ఆసుపత్రికి తీసుకెళ్లారు. పొద్దుగూకకముందే పోయాడు.

కప్పు వాడికే ఇచ్చారు. శేషయ్యగారు స్వయంగా రెడ్డిగూడెం వెళ్లి తల్లి చేతిలో పెట్టారట. సీటు నాకొచ్చింది. వాడు పోయాడు కాబట్టి తరవాతి దాన్ని నేను, అందుకే వచ్చిందనుకున్నాను. ఆ శిక్షణంతా తలొంచుకునే పూర్తిచేశాను.

ఉద్యోగంలో చేరాక మాస్టార్ని చూడటానికి వెళ్లాను. అప్పటికి ఆయన విస్సన్నపేటకి బదిలీ చేయించుకున్నారు. అక్కడ డ్రిల్లు పీరియడ్లో పిల్లల్ని చెట్టు కింద ఊరికే కూర్చోబెట్టేవారట. చొక్కా మాసి ఉంది. మనిషి సగమయ్యారు. "వాడి సీటులో చదివాను మాస్టారూ. ఒక్క రోజు కూడా మనసు కుదురుగా లేదు," అన్నాను.

ఆయన నా మొహం చూడలేదు. "అది వాడి సీటు కాదమ్మా. పోటీకి ముందు రోజే నీ పేరు పంపేశాను. ఊళ్లోవాళ్లు ఒప్పుకోవలసిన పనే లేదు. పేరు నేనివ్వాలి, హెడ్మాస్టరుగారు సంతకం పెట్టాలి. అంతే."

"మరి పోటీకి ఎందుకు ఒప్పుకున్నారండీ?" అన్నాను.

"ఇన్నేళ్లు నవ్వారు కదమ్మా. ఒక్కసారి వాళ్ల నోటితో ఔననిపిద్దామనుకున్నాను," అన్నారు. తరవాత చిన్నపిల్లాడిలా ఏడ్చారు. ఓదార్చాలని చెయ్యి చాపబోయాను గానీ, చెయ్యి లేవలేదు. బస్సు వేళయిందని చెప్పి వచ్చేశాను. మళ్లీ ఆయన్ని చూడలేదు. పోయారన్న కబురు కూడా ఆలస్యంగా తెలిసింది.

నన్ను మనిషిని చేసిందాయనే. కొట్లోంచి లేవదీసి నాకొక బతుకు ఇచ్చిందాయనే. ఆ ప్రేమా పోలేదు, ఆ కోపమూ పోలేదు. రెండూ మోస్తూ ముసలిదాన్నయ్యాను. నా సర్వీసంతా, మేటి ఆటగాడి పేరు ఇమ్మని ఏ హెడ్మాస్టరు అడిగినా పిల్లల చేత చీట్లు తీయించాను. పొగరుబోతుదన్నారు, పడ్డాను. మాస్టారి లెక్క తప్పని కూడా అనలేను. ఈ వయసులోనూ మూడంతస్తులు ఎక్కి ఆయాసపడకుండా మాట్లాడగలను. "మీది భలే ఊపిరండీ," అంటారు చూసినవాళ్లు. ఆ మాట వింటే ఎక్కడికైనా పారిపోవాలనిపిస్తుంది. ఆ సీటు నాదని మాస్టారికి ముందే తెలుసు. పక్కనే నిలబడి గంపలు ఎత్తిస్తూ, ఆ సంగతి కోటేశుకి మాత్రం చెప్పలేదు.