చివరి బెంచీలో ఎత్తిన చేయి

సుగుణ మేడం పరమపదించారన్న దుర్వార్త గత బుధవారం ఉదయం ఫోనులో చూసినప్పుడు నేను హైదరాబాదులో ఆఫీసు మీటింగులో ఉన్నాను. గుండెపోటట. బాన్సువాడలో దవాఖానకు చేర్చేలోపే ప్రాణం పోయిందట. చుట్టూ పదిమంది మాట్లాడుతున్నారు. నేను బయటికి వచ్చి మెట్ల మీద కూలబడ్డాను. అరవై రెండేళ్లకే మృత్యువుకు అంత తొందరేమిటో నాకిప్పటికీ అర్థం కాలేదు.

బాన్సువాడ డిగ్రీ కళాశాలలో ఆమె మాకు గణాంకశాస్త్రం బోధించారు. మా అమ్మ బీడీలు చుట్టేది. అలాంటి ఇళ్ల నుంచి వచ్చిన ఆడపిల్లలకు అంకెల భయం పోగొట్టడం ఆమెకు చిటికెలో పని. నలుగురిలో నోరు విప్పే భయం పోగొట్టడమే ఆమె జీవితవ్రతం. మమ్మల్ని బోర్డు దగ్గర నిలబెట్టి, తాను పోయి చివరి బెంచీలో కూర్చునేవారు. మా మాట వినపడకపోతే ఏమీ అనరు, కుడిచేయి పైకెత్తుతారు. వినపడేదాకా దించరు. ఒకనాడు నేను చెబుతున్నంతసేపూ ఆ చేయి దిగలేదు.

"ఏందే సరళా, మా ఇంట్ల పిల్లి సుత ఇంతకన్న గట్టిగ అరుస్తది. లెక్క నువ్వు చేసిందే గద, ఎవలికి భయపడ్తున్నవ్?" అన్నారు. క్లాసంతా నవ్వింది. నాకు ఏడుపొచ్చింది.

ఆ పట్టుదలకు మూలం ఆమె ఒక్కసారే చెప్పారు. యౌవనంలో ఆమె రాసిన పరిశోధనాపత్రం ఒక సదస్సుకు ఎంపికైంది. "మీకెందుకమ్మా శ్రమ" అంటూ సహాధ్యాపకుడొకరు వేదికెక్కి చదివారు. "ఎవలో ప్రశ్న అడిగిన్రు. ఆయన తప్పు జవాబు చెప్పిండు. అసలు జవాబు నాకు ఎర్కే. మూడో వరుసల చేతులు కట్టుకోని కూసున్న బిడ్డా. గది ఇయ్యాల్టికి గుచ్చుతది."

అందుకే పదవీ విరమణ తర్వాత కూడా, డేటా సైన్స్ ఉద్యోగాల్లో కుదురుకున్న శిష్యురాళ్లను ఆమె వదల్లేదు. ఎక్కడ సదస్సు ఉందని తెలిసినా మా అందరికీ వాయిస్ మెసేజ్ వచ్చేది: "మాట్లాడుతందుకు పేరిచ్చినవా బిడ్డా?" "వచ్చేసారి మేడం" అనేవాళ్లం. ఒకరికి పిల్లల పరీక్షలు, ఒకరికి అత్తగారి అనారోగ్యం. నాకు ఏ సాకూ లేదు, ఉత్త పిరికితనం.

పోయినేడు ఆమె పోరు పడలేక హైదరాబాదులో ఒక సదస్సుకు పేరిచ్చాను. వానలనూ నేల తేమనూ బట్టి వరి దిగుబడిని ముందే అంచనా కట్టే పద్ధతి నాది, రెండేళ్ల కష్టం. తీరా వేదిక చూడగానే మెట్ల దగ్గరే ఆగిపోయాను. మా టీమ్ లీడర్ "నేను చెప్పేస్తాలే" అనగానే ప్రాణం లేచొచ్చింది. మేడం వచ్చారని నాకు తెలియదు. ఆయన మైకులో మాట్లాడుతుండగా చివరి వరుసలో ఒక చేయి లేచింది. అది ఎవరి చేయో నాకు వెంటనే తెలిసింది. ప్రశ్న అడుగుతారనుకుని ఎవరో మైకు అందించారు.

"సార్, మీరు మంచిగనే చెప్తున్రు. గని గీ పని చేసిన పిల్ల గొంతు నాకు ఇనబడ్తలేదు. గది ఇందామనే బాన్సువాడల మొదటి బస్సెక్కి వచ్చిన."

సభంతా నావైపు తిరిగింది. నేను తల దించుకున్నాను. ఆమె చాలాసేపు చేయెత్తే ఉంచారు. తర్వాత దించేశారు. బస్టాండు దాకా ఆటోలో పక్కనే కూర్చున్నా నన్ను ఒక్క మాట అనలేదు. దిగేటప్పుడు మాత్రం నా తల నిమిరి, "వచ్చేసారి" అన్నారు. కోప్పడి ఉంటే బాగుండేది.

మొన్న కళాశాలలో సంతాపసభ జరిగింది. "మేడం ప్రియశిష్యురాలు సరళ మాట్లాడతారు" అని పిలిచారు. రాసుకున్న కాగితంతో లేచాను. దాన్ని విప్పి, మళ్లీ మడిచాను. పక్కనున్న అధ్యాపకుడు జాలిపడి కాగితం తీసుకుని చదివారు. చక్కగానే చదివారు. మధ్యలో తన మాటగా, ఆమె గణితం బోధించారని చెప్పారు. కాదు, గణాంకశాస్త్రం. ఆ సంగతి నాకు తెలుసు. మూడో వరుసలో చేతులు కట్టుకుని కూర్చున్నాను.

మేడం, మీ స్మృతికి అంజలి ఘటించే అర్హత కూడా నాకు లేదు. మీవంటి గురువు మాకిక దొరకరు. దొరికినా మేము మారతామన్న ఆశ నాకు లేదు. ఆయన నా మాటలు చదువుతున్నంతసేపూ నేను వెనక్కి తిరిగి చూస్తూనే ఉన్నాను. చివరి బెంచీలో ఏ చేయీ లేవలేదు.